రెండు డబ్బాల జిగురు

పళ్ల డాక్టరు గదిలో, కూతురికి క్లిప్పులు పెట్టించడానికి వచ్చిన తల్లి ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేయబోయి ఆగింది.

“క్లిప్పులు అంటించడానికి కుడివైపు ఒక జిగురు, ఎడమవైపు ఇంకో జిగురు అని ఉందేంటి డాక్టరుగారూ?”

“ఒకటి మామూలుదమ్మా. రెండోదాంట్లో కంటికి కనబడనంత సన్నటి వెండి రేణువులుంటాయి. క్లిప్పుల చుట్టూ క్రిములు చేరి తెల్లమచ్చలు పడకుండా ఆపుతాయని ఆశ.”

“ఆశేనా?”

“అది తేల్చడానికే ఈ పరీక్ష. ఒకే నోరైతే తిండీ ఒకటే, తోముకోవడమూ ఒకటే. తేడా ఉంటే జిగురుదే.”

“దానికి మా పిల్ల నోరే దొరికిందా? సరే, వెండిది ఏ వైపు?”

“నాకూ తెలీదు. డబ్బాల మీద అంకెలే ఉంటాయి.”

“ఏది అంటిస్తున్నారో మీకే తెలీదా?”

“తెలిస్తే, మంచిదనుకున్న వైపు మచ్చలు నా కంటికి ఆనవమ్మా. అందుకే ఈ విషయంలో నన్ను నేనే నమ్మను.”

“ఇందాకట్నుంచి మీరన్నవాటిలో ఇదొక్కటే నమ్మబుద్ధయింది.” ఆమె మళ్లీ పెన్ను తీసుకుంది. “మరి ఏ అంకె దేనిదో ఎవరికి తెలుసు?”

“జిగురు తయారుచేసే కంపెనీకి. ఏడాదయ్యాక మేం ఫొటోలు పంపుతాం. ఏ వైపు బాగుందో చెప్పేదీ వాళ్లే.”

ఆమె పెన్నుకు మూత పెట్టి ఆయన ముందుకు జరిపింది.

“మీమీద మీకే అంత అనుమానం. అమ్ముకునేవాళ్ల చేతికి మాత్రం తాళాలిచ్చేశారు. మా పిల్లకి రెండువైపులా మామూలుదే పెట్టండి.”