నెలకు నలభై మూడు నిమిషాలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక గల్లీ. మొదటి అంతస్తులో శృతి నడిపే వెబ్‌సైట్ల ఆఫీసు. ఆమె ఎదురుగా, ఒకప్పుడు ఆమెకు ఇంటర్‌లో లెక్కలు చెప్పిన పాండురంగం సారు.

“తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిదా? మరి మిగిలిన పాయింట్ ఒకటి ఏడికి పోయింది శృతీ?”

“అది లెక్కనే కాదు సార్. సైట్లకు జాగ ఇచ్చే హోస్టింగ్ కంపెనీలన్నీ గట్లనే రాస్తయి. నెలల అంత శాతం టైం సైటు నడుస్తదని.”

“లెక్కనే కాదా? నువ్వు నా దగ్గర సదువుకున్న పిల్లవేనా? నెలకు నలభై మూడు వేల రెండు వందల నిమిషాలు. అండ్ల వెయ్యోవంతు నలభై మూడు. నెలకు నలభై మూడు నిమిషాలు సైటు పండుకుంటది!”

“పండుకోనియ్యుండ్రి సార్. కారప్పొడులమ్మే సైటే కదా.”

“సరిగ్గా ఆ నలభై మూడు నిమిషాల్లనే ఆమె తెరిచి చూస్తే?”

“ఏ ఆమె?”

“అంటే... ఎవరో ఒక ఆమె. కస్టమర్. జర ఫ్యాను పెంచు.”

“ఫుల్లులనే ఉంది సార్. సైటు వనస్థలిపురం విజయదుర్గ మేడంది కదా. ఆమెకు లేని పరేషాన్ మీకెందుకు?”

“పోయినసారి ఏమైందో తెల్వదా? ఎవరో పైస తీస్కోకుండ ఫుకట్ల జాగ ఇస్తున్నరని సైటు అండ్ల పెట్టిరి. ఉగాది ముందట ‘అకౌంట్ సస్పెండెడ్’ అని పడ్డది. ఆమె పక్కింటి కిష్టమ్మ అది చూసి, విజయదుర్గను సస్పెండ్ చేసిన్రంట, ఏం తప్పు చేసిందో పాపం అని కాలనీ మొత్తం చెప్పింది. జనం పండ్లు పట్టుకొని పరామర్శకొచ్చిన్రు.”

“అయ్యో... సారీ సార్, నవ్వొస్తుంది.”

“నవ్వు, నవ్వు. అప్పుడు ఆ కాలనీల ట్యూషన్ చెప్తుంటి, నేను కూడ డజను అరటిపండ్లు పట్టుకపోయిన. గట్లనే పరిచయం.”

“ఓహో!”

“ఓహో లేదు, ఏం లేదు. ఈ కాయితం చూడు. ఐదు కంపెనీలకు నేనే ఫోన్ చేసిన. ఆదివారం పగటాల, అందరు మటన్ తిని ఒరుగుతరు కదా, సరిగ్గా గప్పుడు.”

“గప్పుడే ఎందుకు?”

“గప్పుడు ఎత్తినోడు ఎప్పుడన్న ఎత్తుతడు. ఒకడు పాట పెట్టి ముప్పై ఎనిమిది నిమిషాలు ఇనిపించిండు. ఒకడు ఒకటి నొక్కు, రెండు నొక్కు అని నాతోనే పని చేయించిండు. నాలుగోదాన్ల మాత్రం రెండో రింగుకే అలేఖ్య అనే పిల్ల ఎత్తింది. అన్నం తింటుందట. బుక్క మింగి మరీ జవాబు చెప్పింది, సల్లగుండ.”

“ఏమడిగిన్రు?”

“పక్కింటోళ్ళు ఎసుంటోళ్ళమ్మా అని.”

“సార్!”

“ఏం? షేర్డ్ హోస్టింగ్ అంటే ఒక్క ఇంట్ల నలుగురు కిరాయికుండుడే కదా. ఒకనింటికి చుట్టాలు ఎక్కువొస్తే మనకు నీళ్ళు రావు.”

“ఇంత మంచిగ నేను కూడ చెప్పలేను. రోజు బ్యాకప్ తీస్తరట్నా?”

“తీస్తరట. వేరే ఊర్ల ఇంకో కాపీ కూడ దాస్తరట.”

“అయితే గదే తీస్కుందాం. మరి మీ ముఖం గట్లెందుకున్నది?”

“నూటికి నూరు ఎవ్వడియ్యడా?”

“ఎవ్వడియ్యడు. ఇస్తా అన్నోన్ని నమ్మొద్దు.”

“అయితే నా పని ఖతం.”

“సార్, నిజం చెప్పుండ్రి. ఏంది కథ?”

“కథ ఏం లేదు. పోయిన నెల ఆమెతోని ఒక మాటన్న. ‘సైటు మూడు నెలలు పడిపోకుండా నడవనివ్వండి మాస్టారూ, అప్పుడు చెప్తాను’ అన్నది.”

“ఏ మాటన్నరు?”

“‘బడంగ్‌పేట్‌ల మా ఇంట్ల అర్ర ఖాళీగున్నది, మీరొస్తే మంచిగుంటది’ అన్న.”

“గంతేనా?”

“గంతేనా అంటవా? గది అననీకె నాకు రెండు నెలలు పట్టింది. మా ఇంటామె బాలలక్ష్మి పోయి ఆరేండ్లాయె. మా ఇంట్ల కుక్కర్ కూడ ఒక్క విజిల్ ఏసి ఊకుంటది.”

“మంచి మాటనే సార్. ఆమె కూడ ఒక్కతే ఉంటది. కానీ ఆమెది రాజమండ్రి. అర్ర అంటే రూం అని ఆమెకేం తెలుస్తది? వాళ్ళకు బీరువాల ఉండేది అర. మా బీరువాల ఒక అర ఖాళీగున్నది, మీరు రాండ్రి అన్నట్టున్నది!”

“అబ్బా!”

“ఒకవేళ తెలిసినా, పొడుల డబ్బాలు పెట్టుకోనీకె కిరాయికి ఇస్తున్నరు అనుకుంటది. వ్యాపారం నడిస్తే తీస్కుంట అని చెప్పింది. గంతే.”

“గట్ల కూడ అనుకోవచ్చా?”

“టులెట్ బోర్డు కూడ మీకన్న జర ప్రేమగ ఉంటది సార్. ఇయ్యాల ఆమె ఈడికే వస్తుంది, సక్కగ అడుగుండ్రి.”

“ఇయ్యాలనా? ఇయ్యాల వద్దు. షర్టు కూడ...”

“ష్! మెట్ల మీద చప్పుడు. ఆమెనే. రాండ్రి మేడం, కూసోండ్రి.”

“అమ్మయ్య! ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర నలభై నిమిషాలు నిలబెట్టేశారమ్మా. ఏం మాస్టారూ, సర్వర్ దొరికిందా?”

“దొరికింది విజయదుర్గ గారూ. కానీ దాచిపెట్టి చెప్పలేను. అది కూడ నెలకు నలభై మూడు నిమిషాలు పడిపోవచ్చట. మూడు నెలలకు రెండు గంటల పైన. మీ షరతు ప్రకారం నేను ఫెయిల్.”

“ఎల్బీనగర్ సిగ్నల్ కంటే మూడు నిమిషాలేగా ఎక్కువ! సరే, పడిపోయిందే అనుకోండి. ఏం చేస్తారు?”

“అలేఖ్యకు ఫోన్ చేస్త. ఆమె ఎత్తకుంటే మీ డబ్బాలు నేనే పట్టుకొని ఇల్లిల్లు తిరుగుత. సస్పెండ్ కాలేదమ్మా అని చెప్పుకుంట.”

“ఎవరీ అలేఖ్య?”

“కస్టమర్ కేర్ పిల్ల, మేడం. మీరు పరేషాన్ కావొద్దు.”

“నేనెందుకు అవుతానమ్మా! ఊరికే అడిగాను.”

“ఫారం నింపుదాం మేడం. సైటు పేరు ఎన్నేండ్లకు బుక్ చెయ్యాలె? పదేండ్ల దాక చెయ్యొచ్చు.”

“పదేళ్ళు.”

“ఒక్క ఏడాది చాలునేమో శృతీ. తర్వాత చూసుకోవచ్చు.”

“పదేళ్ళే రాయమ్మా. మాస్టారికి ఏడాదికోసారి గుర్తుపెట్టుకునే పని ఎందుకు?”

“సరే. మీరు ఫోన్ ఎత్తకుంటే చెయ్యనీకె ఇంకో పేరు?”

“పాండురంగం గారు.”

“ఆయన మీకేమైతరు అని ఒక గడి ఉన్నది.”

“తెలిసిన సారు అని రాయి. లేకుంటే... ఇంటి ఓనర్ అని... అంటే అర్ర కిరాయికి...”

“ఆ గడి ఉండనివ్వమ్మా. ముందు నా అడ్రస్ రాయి.”

“తెలుసు మేడం. వనస్థలిపురం...”

“కాదు. బడంగ్‌పేట్.”

“బడంగ్‌పేటా? అంటే... డబ్బాలు పెట్టుకోనీకెనా?”

“డబ్బాలూ వస్తాయి మాస్టారూ, నేనూ వస్తాను.”

“మరి... మూడు నెలలంటిరి?”

“సైటు నడుస్తోందని మీరు రోజూ ఫోన్ చేసి చెప్తారని అలా అన్నాను. అప్పుడే ఒప్పేసుకుని ఆ ఫోన్లు ఎందుకు పోగొట్టుకోవాలి?”

“మేడం, అర్ర అంటే మీకు తెలుసా?”

“ఎక్కడ తెలుసమ్మా! నిలువెత్తు మనిషిని బీరువా అరలో ఎలా పెడతారో అర్థంకాక ఆ రోజే కిష్టమ్మను అడిగాను. గది అని చెప్పి ఊరుకుందా? మాస్టారితో నా పెళ్ళని కాలనీ మొత్తం చెప్పేసింది. మళ్ళీ అందరూ పండ్లు పట్టుకొచ్చారు. నేను ఒక్కరికీ కాదని చెప్పలేదు.”