గొర్రెకు ఏడు సెకండ్లు

"అవ్వా, సుగుణక్క తీసిన బొమ్మల సిన్మాకు ఎంత ఖర్చయింది? మల్ల ఎంతొచ్చింది? అక్కనడిగితే నిన్నే అడగమన్నది."

నన్నడగమన్నదా? దొంగది. లెక్కలన్ని తనకాడ పెట్టుకొని నా మీదికి తోలిందన్నట్టు. సరే, గా ఫోను జర దగ్గరికి పెట్టు. నువ్వు గూడ గిటు జరుగు, మెడ తిప్పి తిప్పి మాట్లాడాలంటే నొస్తాంది. మీ నాయినమ్మ నాకు సొంత చెల్లె, ఎర్కేనా? అదీ గిట్లనే, నా ఎనకమాల కూసొని కతలు చెప్పమనేది.

ఖర్చు అడిగినవు గదా. ఆరు వందల గొర్లు. నవ్వకు! అరవై లక్షలంటే నా మనసుల ఏం కనవడది బిడ్డా. గొర్లంటే కనవడతది. ఆరు వందల గొర్లంటే మూడూర్ల మంద. తిరుమలగిరి తొవ్వ మీద వోతాంటే బస్సు ఆగిపోవాలె. గప్పుడు గొర్రె పది వేలు పలికేది. నా పెండ్లప్పుడైతే నలబై రూపాయలు... కాదు కాదు, యాబై. మా బాపు యాబైకి కొన్న గొర్రెనే నాతోని అత్తగారింటికి తోలిండు. దాని కాళ్లకు పసుపు గూడ రాసింది మా అమ్మ. అగో, నేను ఏడికో వోతున్న. ఏమడిగినవు? ఆఁ, సిన్మా.

సుగుణ నా కొడుకు బిడ్డనాయె. తెలంగాణ వచ్చినంక హైదరాబాదుల ఓ కంపెనీల కుదిరింది. కంప్యూటర్ల బొమ్మలు గీసే పని, బయటి దేశపోళ్ల సిన్మాలకు. ఐదేండ్లు చేసి ఒకనాడు వచ్చి, "అవ్వా, ఆళ్ల బొమ్మలు గీసి గీసి యాష్టకొచ్చింది. మన గొర్ల సిన్మా తీస్త" అన్నది. కత ఏందంటే, కరువొస్తది, ఏడ గూడ నీళ్లుండయి. మంద గుట్టెక్కి, గుట్ట మీదికెల్లి మబ్బులెక్కి వానను దేవులాడుకుంట వోతది. అండ్ల ఒక పిల్ల తప్పిపోయి తల్లిని ఎతుక్కుంటది.

నాకు ఒళ్లు జల్లుమన్నది. ఎందుకో చెప్పన్నా? చిన్నప్పుడు నేను గుట్ట మీద గొర్లు కాస్తాంటే పొద్దుగాల మంచు కమ్మేది. ముందు వోయే గొర్లు కనవడకపోయేటియి. మెడల గంటల సప్పుడు మాత్రం పైకెల్లి ఇనవడేది, సన్నగ, దూరం దూరం. అవి మబ్బుల మీద నడుస్తున్నయనే అనుకునేదాన్ని. ఎన్నడు ఎవ్వలకు చెప్పలే. నా కడుపుల మాట గా పిల్లకెట్ల తెలిసిందో ఇప్పటికీ తెల్వది.

ఇగ సుగుణ, దాని దోస్తులు ముగ్గురు షాద్‌నగర్ల రూము కిరాయికి తీసుకున్నరు. హైదరాబాదుల కిరాయి పిరం గదా. ఆళ్లు దాసుకున్న పైసలు, నార్కట్‌పల్లి కాడ నా కొడుకు ప్లాటు అమ్మిన పైసలు, అన్ని కలిపి నలబై లక్షలల్ల అయిపోతదన్నరు. గంటంబావు సిన్మా.

సగం అయినంక లాప్‌టాప్ తెచ్చి నాకు సూపెట్టింది. మస్తు ముద్దుగున్నయ్ గొర్లు. ఉన్ని గాలికి కదుల్తాంది, కండ్లు తడితడిగ ఉన్నయ్. గని బిడ్డా, అన్నిటికి ఒక్కటే మొఖం! ఒక్క గొర్రెను గీసి ఏదో ఒత్తితే మూడు వందలైనయట. నేను నోరు మూసుకోవాల్నా లేదా? మూసుకోలే. "మరి గీ పిల్ల తల్లిని ఎట్ల గుర్తువడతదే?" అన్న.

గంతే అన్న. నీకు తెల్వకపోవచ్చు, నువ్వు టౌన్ల పెరిగినవు. పొద్దుమీకి మందను ఇంటికి మలుపుకొచ్చినంక పిల్లలను ఇడుస్తం. ఎనబై తల్లులు, అన్ని పిల్లలు, ఒకటే లొల్లి. ఇట్ల సూసే లోపట ఏ పిల్ల దాని తల్లి పొదుగు కింద ఉంటది. ఒక్కటి గూడ తప్పది. మాకు గూడ గంతే. సుక్కది, కుంటిది, మూగది, ఎప్పుడూ రందితోని దిగులుగ ఉండేది, ఒక్కోదాని మొఖం ఒక్కోతీరు.

సుగుణ లాప్‌టాప్ మూసింది. రొట్టె ముట్టలే. తెల్లారి దోస్తులను పిలిచింది, "అన్ని మల్ల గీద్దాం" అన్నది. ఒకడైతే నెత్తి వట్టుకొని కూసున్నడు. అయినా వచ్చిన్రు. నలబై దినాలు మా దొడ్ల కూసొని ఒక్కో గొర్రె మొఖం కాయితం మీద దించుకున్నరు. నా గొర్లు సాలకపోతే పక్కూర్ల మందల కాడికి గూడ వోయిన్రు. ఖర్చు నలబై వోయి అరవై అయింది. "అవ్వా, మొదలు ఒక గొర్రె పైసలకు పదకొండు సెకండ్ల సిన్మా వచ్చేది. నీ మాటతోని ఏడుకు దిగింది" అని నవ్విందది. ఏడు సెకండ్లంటే ఎంత? గొర్రె గింత గడ్డి కొరికి తలెత్తుతది, అయిపాయె.

నా నోటి మాటకు రెండు వందల గొర్ల ఖర్చు. ఊకె ఎట్లుంట? నా ఎనబై గొర్లు అమ్మిన. మిగిలింది ఆళ్లు ఇండ్లల్ల అడుక్కొని తెచ్చుకున్నరు. మా ఇంటాయన, గదే మీ తాత, "నీ ఇష్టం" అని లారీ వచ్చిననాడు ఇంట్లనే ఉండలే. ఆర్నెల్లు నాతోని సక్కగ మాట్లాడలే. ఎనబై గొర్లకు తొమ్మిది నిమిషాల పైన సిన్మా. నా బతుకంత గా తొమ్మిది నిమిషాలే అనుకున్న.

సిన్మా నార్కట్‌పల్లిల గూడ పడ్డది. మొదటి ఆట, పదిహేను మందిమి. అండ్ల ఆరుగురం మేమే. పెద్ద హీరో సిన్మా గదేనాడు వచ్చింది, ఇగ దీని దిక్కు ఎవలొస్తరు? లైట్లు ఆరినయ్. గంటల సప్పుడు మొదలైంది. మంచుల కెల్లి మంద మెల్లగ, మెల్లగ పైకెక్కుతాంది. మబ్బు మీద కాళ్లు వెడితే మెత్తగ దిగవడుతున్నయ్. నా కాళ్ల కింద హాలు లేదు బిడ్డా. నేను గూడ ఆటి ఎన్క ఎక్కుతున్న.

గప్పుడు పక్కకెల్లి మీ తాత గొనుగుడు. "అగో సుక్కది. అగో కుంటిది, ఇంకా కుంటుతనే ఉన్నది సూడు. దాని ఎన్క మూగది." ఆర్నెల్ల సంది మూసిన నోరు! నా చెయ్యి వట్టుకున్నడు. గా వయసుల హాల్ల చెయ్యి వట్టుకునే మొగోడు ఉంటడా? నాకు సిగ్గయింది గని ఇడిపించుకోలే.

పిల్ల తల్లిని ఎతికే కాడ, మబ్బుల ఒక్కో మొఖం కాడ ఆగుతది, మూతి వెట్టి వాసన సూస్తది, కాదనుకుంటది, పోతది. గట్ల పోయి పోయి ఒకదాని కాడ ఆగింది. నా రంది గొర్రె. ఏడ్చిన. సంబురమో దుఃఖమో నాకే తెల్వలే.

ఎనిమిది దినాలాడింది. హాలోళ్లది, అందరిది వోంగ చేతికి నాలుగు లక్షలు. ఎన్కసిరి ఫోన్ల సిన్మాలు సూపెట్టేటోళ్లు పదకొండు లక్షలకు కొన్నరు. మొత్తం నూట యాబై గొర్లు తిరిగొచ్చినయనుకో. నాలుగు వంతులల్ల ఒక వంతు. సుగుణ మల్ల కంపెనీ నౌకరికే వోయింది. నేనే ముంచిన పిల్లను, నా నోరే ముంచిందని రెండేండ్లు లోపల్లోపల్నే కుమిలిన.

మొన్న బతుకమ్మకు వస్తే అడిగేసిన. "నేను గా మాట అనకపోతే నలబైల అయిపోయేది గదనే. నా మీద కోపముందా?"

అది నా దిక్కు సూసి గిట్లన్నది. "కంపెనీల మొన్న ఓ సంత గీయమన్నరు అవ్వా, ఎక్కడో దూరంగ, నాలుగు సెకండ్లు. రెండు వందల మందికి రెండు వందల మొఖాలు గీసిన. మా సార్ వచ్చి, గంత దూరంల ఎవలు సూస్తరమ్మా అన్నడు. మా అవ్వ సూస్తది సార్ అన్న."

నేను లేసి దానికో రొట్టె కాల్చి పెట్టిన.

సల్లగుండు బిడ్డా. నువ్వు గూడ ఏం గీసినా, ఏం రాసినా, నేను సూస్తాంటననుకో. ఇగ గా ఫోను బంద్ చెయ్యి, నేను జర సేపు కండ్లు మూసుకుంట...