దానయ్య కుడికాలు

లక్ష్ముడి మెడ పట్టేసి పదిరోజులు. పోటు భుజం మీదుగా దిగి, రెండు రోజులుగా కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోయాయి. వలతాడు పట్టుకుంటే పట్టు చిక్కడంలేదు. చెయ్యి ఆడనివాడికి పడవలో చోటుండదని పొడంపేటలో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఛత్రపూర్ డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ జేబులో ఉండగానే, సరళ టీకొట్టు ముందు ఇసకలో బోర్లా పడుకోడానికి సిద్ధమయ్యాడు. ఎదురుకాళ్లతో పుట్టినవాడు తంతే పట్టేసిన మెడ వదులుతుందని ఊరి నమ్మకం. అలా పుట్టానని చెప్పుకునేవాడు దానయ్య ఒక్కడే.

కానీ తన్నేముందు దానయ్య తన గొప్ప చెప్పుకోవాలి. బల్ల మీద కుడికాలు చాపుకుని, నవ్వన్నది లేకుండా మొదలెట్టాడు.

"మొదట మా బావమరిదికి. నిద్దట్లో మెడ పట్టేసింది. మడమతో ఇలా తాకేను, లేచి బువ్వ తిన్నాడు. ఇదేటి పెద్ద ఇసయం కాదు. ఆ తరవాత ఏటయిందో తెలుసా? ఛత్రపూర్ ఆఫీసులో ఓ బాబు, కంపూటరు సూసి సూసి మెడ ఎడమేపుకే ఉండిపోనాది. ఏడేళ్లు! కుడేపు నిలబడ్డోళ్ల కాయితాలన్నీ ఆగిపోనాయి. ఒక్క తాపు తన్నేను. ఏడేళ్ల సంతకాలు ఒక్క పూటలో అయిపోనాయి."

"ఆఫీసర్ని తన్నేవా మావా?" అంది సరళ టీ వడగడుతూ.

"దండమెట్టే తన్నేను. ఇను. తుపానుకి సరుగుడుతోట ఒంగిపోనాదా? మొదటి సెట్టుకి ఒక్కటిచ్చేను. దాన్ని సూసి రెండోది లేచింది, రెండోదాన్ని సూసి మూడోది, అలాగ రుషికుల్య ఏరు సంద్రంలో కలిసే మొగ దాకా! అదటుంచు. ఏటేటా లచ్చల తాబేళ్లొస్తాయే, గుడ్లెట్టడానికని పేపరోళ్లు రాస్తారు. గుడ్లు ఎక్కడెడితే ఏటి? మెడనొప్పికొస్తాయవి! పుట్టింది మొదలు మెడ లోపలికీ బయటికీ. వరసలో నిలబడతాయి, నాను ఒకోదాన్నీ తాకుకుంటా ఎల్తాను. పోనేడు తిమింగలమే ఒచ్చింది."

"తిమింగలానికి మెడేది మావా?"

"నాను తన్నేకే కదా ఒచ్చింది!"

టీకొట్టు దగ్గరున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. లక్ష్ముడు నవ్వలేదు, నవ్వితే భుజం కలుక్కుమంటోంది.

"మెడలో నరం నలిగిందంది మావా డాక్టరమ్మ. ఎప్పుడూ ఒకే భుజం మీద కావిడి మోసినందుకంట. బరువులు మానేసి కాపడం ఎట్టుకోమంది, మెల్లగా భుజాలు తిప్పమంది. నెల్లాళ్లు పడవెక్కొద్దంది. సేతి ఏళ్లు మొద్దుబారితే మాత్రం ఎంటనే రమ్మంది, మెడ ఎవుళ్లనీ ముట్టుకోనివ్వొద్దంది."

"నెల్లాళ్లా! నా కాలికి నిమిషం సాలు. పడుకో."

లక్ష్ముడు పడుకున్నాడు. రేపు పడవెక్కాలి, ఇంట్లో ఇద్దరు పిల్లలు. మడమ మెడ మీద ఆనింది.

"కాలు తియ్యి దానయ్యా."

చిట్టమ్మ. ఊళ్లో సగంమందికి పురుడు పోసిన ముసలామె. అప్పటిదాకా మూల కూర్చుని టీ ఊదుకుంటోంది.

"ఏటి పెద్దమ్మా, నాను ఎదురుకాళ్లతో..."

"నిన్ను పట్టింది ఈ సేతులే. నీకు తలే ముందొచ్చింది. కాళ్లతో ఒచ్చినోడు నీ ముందు పుట్టిన నీ అన్న." చిట్టమ్మ గ్లాసు కింద పెట్టింది. "కాళ్లొచ్చేయి, ఒళ్లొచ్చింది, తల ఇరుక్కుపోయింది. నాను కంగారుపడి లాగేసేను. మెడ జోలికి ఎల్లకూడదని నాకప్పుడు తెలీదురా. ఏడవనేదు ఆడు. మీ అమ్మ ఆ దుక్కం ఓర్సుకోనేక, ఆడి పుటక నీదేనని సెప్పుకుని నిన్ను పెంచింది."

సరళ పొయ్యి తగ్గించింది.

మెడ మీద బరువు తీసేసినట్టు లక్ష్ముడికి తెలిసింది. తలెత్తకుండానే పక్కకి చూశాడు. దానయ్య ఇసకలో చతికిలబడి తన కాలినే చూసుకుంటున్నాడు. కాసేపటికి లేచి, లక్ష్ముడి ఎడమచెయ్యి పట్టుకుని జాగ్రత్తగా పైకి లేపాడు.

"ఆస్పత్రి ఎన్నింటి దాకా ఉంటాదిరా?" అన్నాడు.