పడవకో చరణం

గల్ఫ్‌లో, మహబూలాలోని పనివాళ్ల గది. కోనసీమ మనిషి రాసిన అర్జీని కడప మనిషి చదివాడు.

“మిట్టమధ్యాన్నం ఎండలో పని వద్దని బాగానే రాసినావన్నా. ముందు సంతకం పెట్టినోడి పని ఖలాస్ గదా? టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు.”

“మా ముత్తాత ఏటి లంకలో కవి. తెల్లోడికి పన్ను కట్టొద్దని పాట కట్టి, ఒక్కో పడవోడికి ఒక్కో చరణమే నేర్పాడు. పోలీసులు ఎవణ్ణి పట్టుకున్నా ఒక్క చరణమే దొరికేది.”

“మరి పాటంతా యాడ వినపడేది?”

“పడవలన్నీ రేవుకి చేరాక.”

“అయితే ఈ కాయితం?”

“చింపెయ్. రేపు మేనేజరు ముందు ఇక్కడి పనివాళ్లం నలభైమందిమీ తలో మాటా చెబుదాం. మొదటిది నాది.”

“రెండోది నాది. రాసియ్యన్నా.”

“రాయను. విని నేర్చుకో.”