మింగినా అరగనిది

హలో… ఆ, నేనే నాన్నా, దేవమణిని. ఆరోసారికి ఎత్తావు.

ఎక్కడున్నావ్?… జగ్గయ్యపేటలోనా? ఇంట్లోనే?… మరి ఆ మోతేంటి, అమ్మ ఇంట్లో రాళ్ళు పగలగొడుతోందా?

అబద్ధమెందుకు నాన్నా. కీసర క్రషర్‌లో మళ్ళీ చేరావని అమ్మే చెప్పింది. నీ మందుల డబ్బా కూడా చేతికిచ్చింది. తొమ్మిది రోజులవి అలాగే ఉన్నాయి.

…మరచిపోయావా? తొమ్మిది రోజులూనా?

ఏంటీ?… ఉచ్చ ఎర్రగా వస్తుంటే… నీతో పనిచేసే వెంకట్ చూశాడా? ఏమన్నాడు?… నెత్తురన్నాడని మందులే మానేశావా? అయ్యో. నెత్తురు కాదది, మందు రంగు. మొదటిరోజే చెప్పాగా.

…ఆ, నిజమే. వాళ్ళకి అది చెప్పాలంటే టీబీ అని కూడా చెప్పాలి. చెబితే పక్కన కూర్చుని అన్నం తిననివ్వరు. నాకు తెలీదా? నందిగామ నుంచి ఊరూరా టీబీ మందులిస్తూ తిరిగేది నేనే కదా.

దగ్గు తగ్గితే పోయినట్టు కాదు… విను ముందు. ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. ఇప్పుడు నువ్వు గేటు దగ్గర చేస్తున్నావే, అదే పని. టీబీ క్రిమికి ఒళ్ళంతా మైనంలాంటి పూత. అది తగలగానే పరాయిదని పోల్చుకుని, పట్టుకుని మింగేస్తాయి. కానీ అరగదు. వాటి కడుపులోనే బతికుంటుంది…

…అరగనిది ఎందుకు మింగాలంటే ఏం చెప్పను? వాటికి తెలిసిన పని అదొక్కటే. మింగినవి కబురు పెడితే మిగతావొచ్చి చుట్టూ గోడలా నిలబడతాయి. అది బయటికి రాలేదు. ఇవీ పక్కకి జరగలేవు. ఏళ్ళకేళ్ళు అంతే.

నీకు ఆ గోడ కూలింది. ఇరవై రెండేళ్ళు అవి రాతిపొడి మింగాయి నాన్నా… అదీ అరగదు. ఇంకేం సత్తువ ఉంటుంది వాటికి? మధ్యలో ఆపితే మళ్ళీ లేస్తుంది. ఈసారి ఈ మందుకి లొంగదేమో.

…గేటు దగ్గర దుమ్ము ఉండదా? నీ గొంతులోనే వినిపిస్తోంది.

…నన్ను చదివించింది ఈ దుమ్మే. కాదన్నానా? అందుకేగా గట్టిగా చెప్పడానికి నోరు రావట్లేదు.

నేనా?… ఇక్కడే. మీ క్రషర్ వెనక గేటు బయట. అరగంటైంది… అరవకు. లోపలికి రాలేదులే. పోయిన నెల ఇక్కడ కళ్ళె పరీక్షలు చేసింది నేనేగా. నా బండి చూస్తే కూతురొచ్చిందనుకోరు, టీబీ మేడమ్ వచ్చింది, ఎవరికోసమా అని చూస్తారు.

రా… ఆ, కనిపిస్తున్నావు. ఎంత మెల్లగా నడుస్తున్నావు నాన్నా…

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకు, ఈ మోతలో మాట వినపడదు. తాళం తియ్యొద్దు. కమ్మీల్లోంచి చెయ్యి చాపు. ఈ నాలుగు మాత్రలూ. డాక్టరుగారినడిగా, మళ్ళీ మొదలెట్టమన్నారు. నీళ్ళు ఇవిగో… మింగు… ఏదీ, నోరు తెరువు.

…రేపూ ఇదే వేళకి వస్తా. శనివారం నాతో ఇంటికొచ్చేస్తున్నావు… రానంటే ఆదివారమూ ఇక్కడే నిలబడతా. సోమవారమూ.

…ఎవరు? వెంకటేనా? ఇటే వస్తున్నాడా?

సరే. హెల్మెట్ పెట్టేసుకుంటున్నా. నువ్వు వెళ్ళు… తిరిగి చూడకు. ఇక్కడెవరూ లేనట్టే వెళ్ళు నాన్నా… పెట్టేస్తున్నా.