పెద్దాసుపత్రి మాట

గోనెగండ్ల పక్క పల్లెలో, మనవడి బలపాలు కనిపించక అత్త పొద్దున్నే ఇల్లంతా తిట్టిపోసింది. వంటింట్లోకి వచ్చి చూస్తే, పొయ్యి ముందు కూర్చున్న కోడలి పెదవుల మీద తెల్లటి పొడి కనిపించింది. కోడలు నిండు గర్భిణి.

“ఎలకలనుకుంటి. నువ్వా తింటాండేది?”

“మనసు పీకుతాది అత్తా. ఆపుకోలేను.”

“బిడ్డ బలపం పట్టుకొనే పుడతాడేమో సూస్కో! అయినా నేనూ బూడిద తింటి, ఆరుగుర్ని కంటి. ఏమైంది నాకు?”

“ఆరుగుర్లో ఇద్దరే గదా అత్తా బతికింది.”

అత్త పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది.

“నర్సమ్మ ఏమనింది?”

“ఒంట్లో రక్తమే లేదంట. ఇంట్లో కాన్పయితే పానానికే మోసమంట. ఆదోని పెద్దాసుపత్రికి పొమ్మనింది. ఆయనకు సెప్తే, మా యమ్మ యానాడన్నా ఆసుపత్రికి పోయిందా అనె.”

“మీ మామకు సెప్పలేదా?”

“నేనెట్ల సెప్పేది? నువ్వు సెప్పత్తా. నాకు బయమైతాంది.”

“సెప్తాలే. అన్నానికి కూచున్నప్పుడు సెప్తా. ఏడవగాకు.”

మధ్యాహ్నం మగవాళ్లు తినడానికి కూర్చున్నారు. రొట్టె తుంచుతూ మామ కొడుకుతో అన్నాడు: “నువ్వనిందే సరి. ఆసుపత్రీ గీసుపత్రీ ఏం లేదు. కాన్పు ఈడనే. మంత్రసానికి సెప్పొచ్చినా.”

తలుపు వెనక కోడలి గాజులు కదిలాయి. అత్త నోరు తెరిచింది.

“ఇంకో రొట్టె ఎయ్యనా?”