కాటా మీద గరిటక్క

“నా కడుపు కూడా తూస్తావా? తూచు! ఇదిగో ఎక్కుతున్నా, తూచి అందరికీ వినపడేట్టు చెప్పు!” అని అరిచి, చేతిలో గరిట అలాగే పట్టుకుని కాటా ఎక్కి నిలబడిందమ్మాయ్ ఆవిడ. ఎవరంటే గరిటక్క. మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటావిడ. అసలు పేరేదో ఉండే ఉంటుంది, మాకెవరికీ అక్కర్లేకపోయింది. పోయి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడెందుకంటావేం, పొద్దున నువ్వు కొత్తగా కొన్న ఆ బరువు చూసే గాజు పలక తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, ‘తాతయ్యా, నువ్వూ ఎక్కు, ఎన్ని కేజీలున్నావో చూద్దాం’ అన్నావు, నేను నీ మీద కసురుకున్నాను కదా. నీ మీద కోపం కాదు. కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు, లేకపోతే నాకు మాట రాదు.

మాది సీసాల ఫ్యాక్టరీ. మందు సీసాలు, నూనె సీసాలు, ఒకటని కాదు. గాజు కరిగించే భట్టీ దగ్గర నిలబడితే కనుబొమ్మలు మాడిపోతాయి, అంత వేడి. నేను భట్టీలో కాదులే, ప్యాకింగులో. మీ నాన్నమ్మ అందరితో ‘మా ఆయన భట్టీ మీద పనిచేశాడు’ అని గొప్పగా చెప్పుకునేది, నేనూ కాదనేవాణ్ణి కాదు. అది వేరే సిగ్గులే. గరిటక్క తెల్లారకముందే వచ్చి పొయ్యి వెలిగించేది. రెండొందల మందికి వంట. చేయి తిరిగిన మనిషి. కూర కలుపుతుంటే ఆ వాసనకి ప్యాకింగులో మా చేతులు ఆగిపోయేవి. అందరూ తిని, ప్లేట్లు కడిగి, బల్లలు తుడిచాక, అప్పుడు ఆవిడ కిటికీ దగ్గర స్టూలు వేసుకుని గిన్నెల అడుగున మిగిలింది పెట్టుకుని తినేది. ఒక్కత్తే మనిషి, ఇంటికెళ్ళి మళ్ళీ పొయ్యి రాజేసే ఓపిక ఎక్కడుంటుంది? రోజు మొత్తానికి ఆవిడ తిండి అదీ. ఆ సంగతి మాకు తెలియదని అబద్ధం చెప్పను. రోజూ చూసేవాళ్ళం. కంటికి కనపడేది, బుర్రకెక్కేది కాదు.

ఆ రోజుల్లో నేను క్యాంటీన్ కమిటీ సెక్రటరీని. పెద్ద ఉద్యోగమేం కాదు, చేయెత్తి నలుగురు ‘వీడే ఉండనీ’ అంటే అయిపోయా. కానీ జేబులో పెన్ను పెట్టుకుని తిరిగేవాణ్ణి చూడు, అదీ వేషం! ఒకరోజు భట్టీలో పనిచేసే పొట్టాయన, ఆయన గొంతు ఇలా ముక్కులోంచి వచ్చేది, ‘ఏమయ్యా సెక్రటరీ, నా ప్లేటులో ముక్కలు లెక్కపెట్టుకోడానికి వేళ్ళు కూడా అక్కర్లేదు, మిగతావి ఏ సంచీలో నడిచిపోతున్నాయో కాస్త కనుక్కో’ అన్నాడు. అంతే. ఆయన ఊరికే నోటిదురద కొద్దీ అన్న మాట. నేను మాత్రం రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఒక రూలు కనిపెట్టా. నేనే, ఇంకెవరూ కాదు. మిగిలింది ఎంతైనా సరే ప్యాకింగు కాటా మీద తూచి, కమిటీ కళ్ళముందే చెత్త డ్రమ్ములో పోసెయ్యాలి. వంటవాళ్ళు క్యాంటీన్ తిండి ముట్టకూడదు, ఎవరి తిండి వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. అబ్బ, ఎంత పొంగిపోయాననుకున్నావు! మేనేజరు భుజం కూడా తట్టాడు.

మొదటిరోజు కాటా దొర్లించుకుంటూ క్యాంటీన్లోకి తీసుకెళ్ళా, వెనకాలే కమిటీవాళ్ళూ, పొట్టాయనా, తమాషా చూద్దామని ఇంకో పదిమందీ. ఆవిడ అప్పుడే స్టూలు వేసుకుంది. గిన్నె చేతిలోంచి తీసుకున్నా. ‘ఇదేంటి తమ్ముడూ?’ అంది. రూలక్కా అన్నా. ‘దొంగతనం చేశానంటున్నారా?’ అంది. ఛ, అదేం లేదు, అందరికీ ఒకటే రూలు అన్నా. క్యాంటీన్లో వంటవాళ్ళు ఇంకెవరున్నారు ఆవిడ తప్ప? అప్పుడు ఎక్కింది కాటా. నేనేం చెయ్యాలి? దిగక్కా అని చెయ్యి పట్టుకోవాలి. నేను వంగి ముల్లు చూసి, ‘యాభై ఎనిమిది!’ అని పైకి చదివా. అందరూ గొల్లున నవ్వారు. పొట్టాయన అయితే ‘డ్రమ్ములో పోసెయ్యమంటారా?’ అన్నాడు, ఇంకా నవ్వారు. నేనూ నవ్వానమ్మాయ్. ఆవిడ దిగి, గిన్నె తనే తీసుకెళ్ళి డ్రమ్ములో కుమ్మరించింది. ఆ తర్వాత ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అభిమానం గల మనిషి. రెండొందల మందికి పెట్టే చేత్తో డబ్బా పట్టుకొస్తానా అనుకుందో ఏమో, ఇంటి నుంచీ ఏమీ తెచ్చుకునేది కాదు. పొయ్యి పక్కన టీ గ్లాసు, ఎప్పుడన్నా ఒక బన్ను. ‘అక్కా, తినవేం?’ అని ఎవరన్నా అంటే, ‘వాసనకే నిండిపోతుందిరా కడుపు’ అనేది. మేం జోకనుకున్నాం.

ఎంత కాలమంటే, రెండేళ్ళు. రెండో ఏడు సగానికి వచ్చేసరికి కూరలో ఉప్పు తప్పడం మొదలైంది. ఒకరోజు నోట పెట్టలేం, ఒకరోజు అసలు ఉండదు. ఆవిడ గరిట అంచు నాలుక మీద పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూసేది, మొహం అదోలా పెట్టేది. పెదాల మూలలు పగిలి ఉండేవి. ఎవరన్నా ఏమన్నా అంటే చాలు, అంతెత్తున లేచేది. అరగంట ఆగి మూల నిలబడి ఏడ్చేది. గరిట చేతిలో పెట్టుకునే ‘నా గరిట ఎవడు తీశాడురా’ అని వెతికేది. ఒకసారి వేణ్ణీళ్ళు పాదం మీద ఒలికాయి, చర్మం లేచిపోయింది, ఆవిడకి తెలియనే తెలియదు! నేను చెప్తే కిందకి చూసుకుంది. ‘ఔనా?’ అంది. అంతే అంది. మాకేమనిపించింది? మతి చలించింది అనిపించింది. చాటుగా తాగుతోందన్నవాళ్ళూ ఉన్నారు.

ఇంకొకటి ఉంది, ఇది మీ నాన్నమ్మకి కూడా చెప్పలేదు. ప్యాకింగులో నేను ఆవిడ వేషం వేసేవాణ్ణి. తలకి గుడ్డ చుట్టుకుని, కాళ్ళు ఇలా ఈడ్చుకుంటూ, ‘నా గరిటేదిరా, నా గరిటేదిరా’ అని... వద్దులే, ఇప్పుడు చెయ్యను. చేతిలో సీసాలు పక్కన పెట్టి మరీ నవ్వేవాళ్ళు. ఒకరోజు ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి. తిరిగి చూస్తే గుమ్మంలో ఆవిడ, నాకు టీ తెచ్చింది. గ్లాసు అట్టపెట్టె మీద పెట్టి, ‘చల్లారిపోతుంది తమ్ముడూ, తాగు’ అని వెళ్ళిపోయింది. తాగానా అంటావా? తాగాను. పారబోస్తే బాగుండదని.

కాసిని మంచినీళ్ళు ఇలా ఇవ్వు.

ఆఖరికి భట్టీవాళ్ళు ప్లేట్లు విసిరేశారు. కమిటీ తరఫున కాగితం రాసింది నేనే, ‘వంటావిడకి మతిస్థిమితం లేదు, మార్చవలెను’ అని. మార్చవలెనట! మేనేజరేమో డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నాడు. ఫ్యాక్టరీ డిస్పెన్సరీకి వారానికి రెండుసార్లు ఒక డాక్టరమ్మ వచ్చేది. లావు కళ్ళద్దాలు, మాట కటువు. గరిటక్కని నేనే తీసుకెళ్ళా. డాక్టరమ్మ నాలుక చూపించమంది. నున్నగా, ఎర్రగా ఉంది, పచ్చిమాంసంలా. పాదాల మీద గుండుసూదితో గుచ్చింది, కదలలేదు మనిషి. బరువు చూసింది. నలభై మూడు. ఈసారి నేను చదవలేదు. ‘ఈవిడ ఏం తింటారు?’ అని నన్నడిగింది. వంటావిడ కదండీ, తిండికేం లోటు అన్నా. డాక్టరమ్మ నా వంక అలా చూసి, ఆవిడ వైపు తిరిగి, ‘నిన్న ఏం తిన్నారమ్మా?’ అంది. ‘టీ తాగాను.’ ‘మొన్న?’ ‘బన్ను... బన్నే అనుకుంటా.’ ‘ఈమధ్య గుడ్డుగానీ, పాలుగానీ, మాంసంగానీ?’ గరిటక్క కాసేపు ఆలోచించింది. నిజంగా గుర్తు తెచ్చుకుంటున్నట్టు. ‘వండాను’ అంది.

వండానుట.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. ఆవిణ్ణి బయట కూర్చోమని, నాతో అంది, ‘మతి పోలేదయ్యా ఈవిడకి. ఒంట్లో రక్తం లేదు. నరాలు ఎండిపోతున్నాయి. కడుపుకి తిండి లేకపోతే నీరసం ఒక్కటే వస్తుందనుకున్నారా? కోపం వస్తుంది, ఏడుపొస్తుంది, మరుపొస్తుంది. రుచి పోయిన నాలుకతో ఉప్పెలా చూస్తుంది? సూది మందులు ఇక్కడే వేస్తా, వారానికి రెండు. రెండు పూటలా సరైన భోజనం పెట్టండి, ఆర్నెల్లలో మీ మనిషి మీకొస్తుంది. ఆలస్యమైతే మాత్రం ఆ కాళ్ళు తిరిగి రావు’ అని. చీటీ రాసి నా చేతికిచ్చింది. ‘ఇది మేనేజరుకివ్వండి, క్యాంటీన్లో భోజనం పెట్టమని రాశాను’ అంది. మొదటి సూది అప్పుడే వేసింది కూడా.

ఇప్పుడు విను. ఆ చీటీ నేను మేనేజరుకి ఇవ్వలేదు. ఇస్తే అడుగుతాడుగా, క్యాంటీన్లో వంటావిడకి తిండెందుకు లేదని. ఆ రూలు పెట్టింది నువ్వే కదా అని. చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగా. రేపిద్దాం, రేపిద్దాం. నాలుగో రోజు మీటింగు. డాక్టరేమందయ్యా అన్నాడు మేనేజరు. జబ్బేనండీ అన్నా. అబద్ధం కాదు కదా, చూశావా తెలివి? సర్టిఫికెట్ సంగతి మళ్ళీ ఎవరూ అడగలేదు, ఆ మాట మీదే పని మాన్పించారు. ఉద్యోగం పోయాక గేటు లోపలికి రానివ్వరు, డిస్పెన్సరీ లేదు, సూదుల్లేవు. ఆవిడ మటుకు నా మీద ఒక్క చాడీ చెప్పలేదు. గరిట తుడిచి మేకుకి తగిలించి వెళ్ళిపోయిందట. నేనప్పుడు గోడౌన్లో సీసాల మధ్య నిలబడి ఉన్నా, కావాలనే.

పది రోజులకి వెళ్ళా వాళ్ళింటికి. ఇల్లంటే ఒక గది, మేడ మెట్ల కింద. చీటీ ఇచ్చి, క్షమించక్కా అని చెప్పి వద్దామని. మిట్ట మధ్యాహ్నం. గోడ పట్టుకుని వచ్చి తలుపు తీసింది. నన్ను చూసి మొహం విప్పారింది, ఒట్టు. ‘రా తమ్ముడూ, ఎండన పడొచ్చావు’ అని చాప వేసింది. చీటీ ఇచ్చా. పెద్దాసుపత్రికి వెళ్ళక్కా, వేస్తారు అన్నా. ‘అలాగేలే’ అని మడిచి పెట్టె మీద పెట్టింది. రెండో మాట గొంతు దాకా వచ్చింది, అంతలో ఆవిడ ప్లేటు తెచ్చి ముందు పెట్టింది. వేడి వేడి కూర, ఒక గుడ్డు, పక్కన రొట్టె. ‘ఉప్పు ఎలా ఉందో చూసి చెప్పు, నాకు తెలియట్లేదు’ అంది. సరిపోయిందక్కా, అమృతంలా ఉంది అన్నా. ఎంత సంతోషపడిందో! ఎదురుగా కూర్చుని చివరి ముక్క దాకా తినిపించింది. ఉప్పు ఎక్కువైంది, అయినా అంతా తిన్నా. తింటూ ఉంటే ఇంక ఆ క్షమించు అనే మాట ఎక్కడ పడుతుంది నోట్లో? చెయ్యి కడుక్కుని వచ్చేశా. రెండు నెలలకి పోయిందని తెలిసింది.

ఆ రోజు పొయ్యి మీద ఒకటే గిన్నె ఉంది. చిన్నది. నేను వెళ్ళేసరికి మూత పెట్టి ఉంది, నేను లేచేసరికి బోర్లించి ఉంది. నువ్వు చదువుకున్నదానివి, చెప్పమ్మాయ్, నేను తిన్నాక ఆ గదిలో ఇంకేమన్నా మిగిలి ఉంటుందంటావా?